పెట్టెలోంచి వచ్చేది ఇమామ్ సాబ్ ఆవాజేనా?

మైకులో వినపడేది ఇమామ్ సాబ్ అసలు ఆవాజా, లేక దాని నకలా? ఇవాళ ఈ సవాల్ వేస్తే పిల్లలు నవ్వుతారు. కానీ మన తాతల కాలంలో దీని మీద పెద్ద పెద్ద ఉలమా ఏళ్ల తరబడి బహస్ చేశారు. ఫత్వాలు రాశారు. కొందరు తర్వాత తమ రాయ్ మార్చుకున్నారు కూడా. మస్జిద్ లౌడ్‌స్పీకర్ల మీద టీవీల్లో జరిగే గోల చూసినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది, ఈ పాత బహస్ సంగతి మనవాళ్లకే తెలీదని. మైకు లేకుండా అజానే లేదన్నట్టు మనం మాట్లాడతాం. అవతలివాళ్లూ అలాగే మాట్లాడతారు. మస్జిద్‌కీ మైకుకీ మధ్య ఉన్న రిష్తా వయసు వందేళ్ల లోపే.

ఆ రిష్తా తారీఖ్ కొంచెం చెప్పుకుందాం. అందులో తిరుచానూరులో మా మామూ చేత్తో చేసిన పెట్టెలకి కూడా జాగా ఉంది కాబట్టి, ఒక పెట్టె వెనక పలక విప్పి లోపలి వైరింగ్ కూడా చూపిస్తాను.

ముందు మైకు లేని రోజులు. మదీనాలో హజ్రత్ బిలాల్ (రజి) ఫజర్ అజాన్ ఎక్కడ నుంచి ఇచ్చేవారో హదీసుల్లో ఉంది. మస్జిదె నబవీ పక్కన బనూ నజ్జార్ కబీలాకి చెందిన ఒక మహిళ ఇల్లు ఉండేది. చుట్టుపక్కల ఇళ్లన్నిట్లోకీ అదే ఎత్తు. బిలాల్ ఆ ఇంటి మీదకి ఎక్కి అజాన్ ఇచ్చేవారని ఆమె స్వయంగా చెప్పిన రివాయత్ అబూ దావూద్‌లో ఉంది. అప్పటికి మీనార్లు లేవు. అవి ఉమయ్యాల జమానాలో వచ్చాయి. అంటే మన మొదటి అజాన్‌లకి ఎత్తు ఇచ్చింది ఒక ఔరత్ ఇంటి మిద్దె. ఈ ముచ్చట ఎందుకో మన బయానుల్లో ఎక్కువగా వినపడదు.

ఇక నమాజ్ లోపల. జమాత్ పెద్దదైతే వెనక సఫ్‌ల వాళ్లకి ఇమామ్ తక్బీర్ ఎలా చేరాలి? దానికి ముకబ్బిర్ ఉండేవాడు. ఇమామ్ 'అల్లాహు అక్బర్' అనగానే మధ్యలో నిలబడ్డ ముకబ్బిర్ గట్టిగా అదే అంటాడు. రసూలుల్లాహ్ (స) ఆఖరి బీమారీలో, ఆయన ఆవాజ్ సన్నగిల్లినప్పుడు, హజ్రత్ అబూబకర్ (రజి) తక్బీర్‌ని జనానికి వినిపించారని బుఖారీలో ఉంది. పెద్ద మస్జిదుల్లో ముకబ్బిర్ నిలబడటానికి వేరే ఎత్తు గద్దెలే కట్టారు. హైదరాబాద్ మక్కా మస్జిద్‌నే తీసుకోండి. కుతుబ్‌షాహీల కాలంలో పునాది పడి, 1694లో ఔరంగజేబు కాలంలో పూర్తయిన కట్టడం. పది వేల మంది ఒకేసారి నమాజ్ చదివే జాగా. రెండు వందల ఏళ్లకి పైగా అక్కడ తక్బీర్ మనిషి గొంతు నుంచి మనిషి గొంతుకి అందుతూ వెళ్లింది.

ఇప్పుడు సముద్రం దాటుదాం. 1915లో కాలిఫోర్నియాలోని నాపా అనే చిన్న ఊళ్లో పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిధమ్ అనే ఇద్దరు ఇంజినీర్లు, టెలిఫోన్ రిసీవర్‌ని మెరుగుచేద్దామని కూర్చుని చివరికి లౌడ్‌స్పీకర్ తయారుచేశారు. అయస్కాంతం మధ్యలో తీగచుట్ట, దానికి తగిలించిన పలుచని రేకు, ముందు గ్రామఫోన్ గొట్టం. ఆ ఏడాది క్రిస్మస్ ముందు రోజు శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ హాల్ ముందు వేల మందికి పాటలు వినిపించారు. తర్వాత పెట్టిన కంపెనీ పేరు మాగ్నవాక్స్. లాటిన్‌లో 'గొప్ప గొంతు' అని మానీ. మన జబాన్‌లో చెప్పాలంటే 'బులంద్ ఆవాజ్'. 1919లో అమెరికా సదర్ విల్సన్ శాన్‌డియేగో స్టేడియంలో వేల మంది ముందు వీళ్ల యంత్రంతోనే మాట్లాడాడు.

కానీ మనం ఇవాళ చూసే కాగితపు కోన్ స్పీకర్ 1925లో వచ్చింది. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజినీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ దాన్ని లెక్కలతో సహా కాగితం మీద పెట్టారు. మరుసటి ఏడాదే ఆర్‌సీఏ కంపెనీ 'రేడియోలా 104' అని ఒక పెట్టె అమ్మింది. అందులో స్పీకరూ ఉంది, దాన్ని నడిపే యాంప్లిఫయరూ లోపలే ఉంది. గోడ ప్లగ్గుకి తగిలించి, రేడియో తీగ కలిపితే చాలు. ఇవాళ 'పవర్డ్ స్పీకర్' అని కొత్తగా అమ్ముతున్నది వందేళ్ల నాటి సరుకే!

హిందుస్తాన్‌లో మైకు చరిత్ర అంటే మోట్వానేల పేరు చెప్పాలి. సింధ్‌లో 1909లో మొదలైన సింధీ కుటుంబం వ్యాపారం అది. తర్వాత బొంబాయి చేరి 'షికాగో రేడియో' పేరుతో మైకులు, స్పీకర్లు అద్దెకిచ్చింది, తయారుచేసింది. 1931 కరాచీ కాంగ్రెస్ సభకి మైకులు పెట్టింది వీళ్లే. గాంధీ, నెహ్రూ పాత ఫోటోల్లో మైకు కింద 'షికాగో' అని అక్షరాలు కనిపిస్తే, ఫోటో అమెరికాలో తీశారని అనుకోకండి. ఆ మైకు సింధీ సేఠ్‌ది.

అదే దశాబ్దంలో మస్జిద్ వంతు. సింగపూర్‌లోని సుల్తాన్ మస్జిద్‌లో 1936లో అజాన్ కోసం లౌడ్‌స్పీకర్లు బిగించారు. మన దేశంలోనూ ఇస్తిఫ్తాలు రావడం మొదలైంది. జల్సాలో, బయాన్‌లో వాడుకోవచ్చు సరే, నమాజ్‌లో?

మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ సాహెబ్ నమాజ్‌లో వద్దన్నారు. దేవ్‌బంద్ ముఫ్తీ ముహమ్మద్ షఫీ సాహెబ్ కూడా ముందు అదే రాయ్ మీద ఉన్నారు. ఫిఖా కితాబుల్లో దీనికి పేరు 'ఆలా ముకబ్బిరుస్సౌత్', అంటే ఆవాజ్‌ని పెంచే పనిముట్టు. వాళ్ల అభ్యంతరం మనం అనుకునేట్టు 'అంగ్రేజ్ వస్తువు కాబట్టి హరామ్' అన్నది కాదు. చాలా బారీక్ విషయం. ముఖ్తదీ ఇమామ్ వెనక నమాజ్ చదువుతున్నాడు. ఇమామ్ ఆవాజ్ విని రుకూకి వెళ్తున్నాడు. పెట్టెలోంచి వచ్చేది ఇమామ్ ఆవాజ్ కాకుండా వేరేది అయితే, నమాజ్ బయటి వస్తువు మాట విని రుకూ చేసినట్టు అవుతుంది. అప్పుడు నమాజ్ ఫాసిద్ అవుతుందా? హనఫీ ఫిఖాలో దీనికి దగ్గరి మిసాల్ ముందే ఉంది. సజ్దా ఆయత్‌ని మనిషి నోటి నుంచి వింటే సజ్దా వాజిబ్. అదే ఆయత్ కొండకి కొట్టుకుని తిరిగొచ్చిన ప్రతిధ్వనిగా వింటే వాజిబ్ కాదు. మరి లౌడ్‌స్పీకర్ నోరా, కొండా?

ఇక్కడ ముఫ్తీ షఫీ సాహెబ్ చేసిన పని నాకు చాలా ఇష్టం. ఆయన సైన్స్ తెలిసినవాళ్లని అడిగారు. మైకులో ఏం జరుగుతుంది, తీగలో ఏం వెళ్తుంది, బయటికి వచ్చేది ఏమిటి అని. జవాబులు ఒకేలా రాలేదు. అయినా అడగడం ఆపలేదు. చివరికి ఇది అసలు ఆవాజే అన్న తహ్‌కీక్ మీద రాయ్ మార్చుకుని, నమాజ్ ఫాసిద్ కాదని రాశారు. కొత్త పనిముట్ల మసాయిల్ మీద ఆయన రాసిన కితాబులో ఇదంతా ఉంది. తన మొదటి మాట ఏమిటో, ఎందుకు మార్చుకున్నారో దాచకుండా. అందరూ ఒప్పుకున్నారని కాదు. దేశంలో కొన్ని బరేల్వీ మస్జిదుల్లో ఇప్పటికీ అజాన్‌కీ, బయాన్‌కీ మైకు వాడి, నమాజ్ మొదలవగానే ఆపేసి ముకబ్బిర్‌ని నిలబెడతారు. దాన్ని వెనకబాటుతనం అని నవ్వే మన చదువుకున్న పిల్లలకి ఒక మాట. ఆ సవాల్‌కి మీరు సైన్స్ ప్రకారం జవాబు చెప్పగలరా?

నాకు ఆ జవాబు దొరికింది తిరుచానూరులో, మా మామూ బల్ల మీద.

తిరుచానూరు అంటే పద్మావతి అమ్మవారి ఊరు. తిరుపతి నుంచి ఐదు కిలోమీటర్లు. కార్తీక బ్రహ్మోత్సవాలు, ఆఖరి రోజు పంచమి తీర్థం. పద్మసరోవరంలో మునగడానికి వచ్చే జనంలో చెయ్యి జారితే మనిషి దొరకడు. అలాంటి ఊళ్లో మైకు అంటే షోకు కాదు. తప్పిపోయిన పిల్లల పేర్లు చెప్పేది అదే. మామూకి చిన్న రేడియో రిపేరు దుకాణం ఉండేది. తిరుపతి గంగమ్మ జాతర వస్తే వీధి పందిళ్లకి పెట్టెలు, మీలాద్ జల్సా వస్తే మస్జిద్ ముందు పెట్టెలు, పెళ్లిళ్ల సీజన్‌లో ఎవరి పెళ్లయినా పెట్టెలు. అన్నీ ఆయన చేతి పెట్టెలే. 'ఆవాజ్‌కి మజ్‌హబ్ ఉండదు మామూ?' అని ఓసారి అడిగితే, 'కరెంటు బిల్లు ఉంటది' అన్నాడు.

ఆ రోజుల్లో కంపెనీ సెట్టు అంటే ఢిల్లీ అహుజా. కొనగలిగినవాళ్లు కొనేవాళ్లు. కొనలేనివాళ్లకి ప్రతి ఊళ్లోనూ ఒక కారీగర్ ఉండేవాడు. బెంగళూరు జాలహళ్లిలో 1954లో పుట్టిన భారత్ ఎలక్ట్రానిక్స్ తర్వాతి దశాబ్దంలో వాల్వులూ ట్రాన్సిస్టర్లూ చేయడం మొదలెట్టాక, రేడియో మెకానిక్ అనేవాడు రిపేరు దగ్గర ఆగకుండా తయారీకి దిగాడు. 1980లు వచ్చేసరికి ఇటలీ ఎస్‌జీఎస్ కంపెనీ టీడీఏ 2030, జపాన్ సాన్యో ఎస్‌టీకే ఐసీలు దుకాణాల్లోకి వచ్చేశాయి. అంతకు ముందు పది ట్రాన్సిస్టర్లు చేసే పని అయిదు కాళ్ల నల్ల బిళ్ల ఒకటే చేసేది. హైదరాబాదీలకి కోఠీ గుజరాతీ గల్లీ ఎలాగో మా తిరుపతి వైపు వాళ్లకి మద్రాసు రిచీ స్ట్రీట్ అలాగ. మామూ రైలెక్కి పోయి, సంచి నింపుకుని రాత్రికి వచ్చేసేవాడు. అమ్మీ అడిగిన మద్రాసు చీర మాత్రం ఎప్పుడూ మర్చిపోయేవాడు.

ఇక పెట్టె విప్పుదాం.

ముందు చెక్క. స్పీకర్‌ని ఊరికే గాల్లో పట్టుకుని మోగిస్తే కాకిగొంతులా ఉంటుంది. కోన్ ముందుకి తోసినప్పుడు ముందు గాలి నొక్కుకుంటే, అదే క్షణంలో వెనక గాలి సాగుతుంది. రెండూ అంచు దగ్గర కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. బరువు స్వరాలు ముందు చస్తాయి. అందుకే వెనక మూయాలి. డబ్బుల్లేని పిల్లలు స్పీకర్‌ని మట్టికుండ మూతి మీద బోర్లించేవాళ్లు. మా వైపు పలమనేరు కుండలు దీనికి పెట్టింది పేరని మామూ షాగిర్దుల నమ్మకం. కుండకి ఒక ఐబు ఉంది. ఏదో ఒక్క స్వరం దగ్గర తనూ పాడుతుంది. పాటకి ఫరవాలేదు, ఖురాన్ తిలావత్‌కి పనికిరాదు. మామూ ముప్పావు అంగుళం ప్లైవుడ్ కోసి, మూలల్లో లోపలి నుంచి చెక్కముక్క పెట్టి, ఫెవికాల్ రాసి మేకు కొట్టేవాడు. లోపల పాత పరుపు దూది. అది గోడల మీద పడే ఆవాజ్‌ని తాగేస్తుంది.

రెండోది కరెంటు. గోడలో 230 వోల్టులు. ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 12-0-12 చేస్తుంది. మధ్య తీగ సున్నా, అటూ ఇటూ పన్నెండు పన్నెండు. నాలుగు డయోడ్లు, రెండు పెద్ద కెపాసిటర్లు దాటేసరికి ఆ పన్నెండు కాస్తా సుమారు పదహారున్నర అవుతుంది, ఎందుకంటే ఏసీ కరెంటు శిఖరం దాని ఆర్‌ఎంఎస్ లెక్కకి 1.41 రెట్లు. కాబట్టి ఐసీకి ప్లస్ పదహారున్నర, మైనస్ పదహారున్నర. టీడీఏ 2030 తట్టుకునే హద్దు పద్దెనిమిది. రాత్రి పదకొండు దాటాక ఊరంతా లైట్లార్పితే లైన్లో వోల్టేజి ఎక్కుతుంది. అప్పుడు ఈ పదహారున్నర పద్దెనిమిదిని ముట్టుకోవచ్చు. ఉర్స్ ఖవ్వాలీ మధ్యలో ఐసీ పోవడానికి జిన్నాత్ కారణం కాదు, ఈ లెక్క కారణం.

మూడోది వేడి. ఐసీ వెనక రేకు అల్యూమినియం హీట్ సింక్‌కి బిగించాలి. ఇక్కడ కొత్త కారీగర్లు దెబ్బతినేవాళ్లు. ఆ రేకు లోపల మూడో కాలికి కలిసి ఉంటుంది, అంటే మైనస్ సప్లైకి. హీట్ సింక్ డబ్బా రేకుకి తగిలిందంటే మైనస్ కాస్తా నేలకి కలిసి, ఢమాల్. అందుకని మధ్యలో పలుచని అబ్రకం బిళ్ల, అటూ ఇటూ తెల్ల పేస్టు, స్క్రూకి ప్లాస్టిక్ వాషర్. అబ్రకం గుణం ఎంత వింతో చూడండి. వేడిని పోనిస్తుంది, కరెంటుని పోనివ్వదు. నెల్లూరు వైపు గూడూరు గనుల్లో తవ్వేది ఇదే.

నాలుగోది, అన్నిటికన్నా నాజూకైనది, నేల తీగ. ఉస్తాద్ ఎవరో షాగిర్ద్ ఎవరో ఇక్కడే తెలిసిపోతుంది. మైకు నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులు. దాని పక్కనే ట్రాన్స్‌ఫార్మర్. జాగ్రత్త లేకపోతే 'మ్‌మ్‌మ్' అని తేనెటీగల మోత. మామూ పద్ధతి ఇది. ట్రాన్స్‌ఫార్మర్ ఒక మూల, ఇన్‌పుట్ సాకెట్ ఎదురు మూల. నేల తీగలన్నీ ఒక్క చోటికే, రెండు కెపాసిటర్లు కలిసే దగ్గరికే రావాలి. ఇన్‌పుట్‌కి జాలీ తొడుగు ఉన్న షీల్డు వైరు, ఆ జాలీ ఒక వైపే కలపాలి. రెండు వైపులా కలిపితే నేల తీగ ఉంగరంలా చుట్టుకుని, చుట్టూ ఉన్న కరెంటు హమ్‌ని వాసన పట్టి లోపలికి తెస్తుంది. ఆఖర్న స్పీకర్ ప్లస్ ఏదో తెలియకపోతే పెన్‌టార్చి సెల్ ఒకటి చాలు. తాకించగానే కోన్ బయటికి దూకితే సెల్ ప్లస్ తగిలింది ప్లస్‌కే. రెండు పెట్టెలు పక్కపక్కన పెట్టి ఒకటి తిరగేసి కలిపితే, ఒకటి తోస్తుంటే ఇంకోటి లాగుతుంది. మధ్యలో కూర్చున్నవాడికి ఆవాజ్ పల్చగా ఉంటుంది.

ఉర్దూ మీడియం బడిలో నేను 'ముజాహమత్' అని బట్టీపట్టిన మాట, డిగ్రీలో తెలుగు చదివాక 'నిరోధం' అయింది. మామూకి అది 'నాలుగు ఓములు'. మూడూ ఒకటేనని ఆ బల్ల దగ్గరే తెలిసింది.

ఇప్పుడు ముఫ్తీ సాహెబ్ సవాల్. ఆ నల్ల బిళ్లలో ఏం జరుగుతోంది? చాలామంది అనుకునేది ఏమిటంటే, సన్న ఆవాజ్ లోపలికి వెళ్లి, లావై బయటికొస్తుందని. అలా జరగదు. స్పీకర్‌ని ఊపే బలమంతా గోడ ప్లగ్గులోంచి వస్తుంది. ఇమామ్ సాబ్ ఆవాజ్ చేసేది ఒక్కటే. ఆ బలం ఏ క్షణంలో ఎంత వదలాలో చెబుతుంది. మన చెరువు తూము లాగా. నీళ్లు చెరువువి. తూము ఎత్తేది, దించేది మనిషి చెయ్యి. కాలవలో పారే నీటికి ఆ చేతి కదలిక ఆకారం వస్తుంది. బలం ఆంధ్రా కరెంటు వాళ్లది, ఆకారం ఇమామ్ సాబ్‌ది. అందుకే ఆ ఉలమా ఏకాభిప్రాయానికి రాలేకపోయారు. బలాన్ని చూస్తే వేరే ఆవాజ్, ఆకారాన్ని చూస్తే అదే ఆవాజ్. ఒక్క సంగతి మాత్రం కలుపుతాను. మైకు లేకపోయినా, ఇమామ్ సాబ్ నోట్లోంచి వచ్చిన గాలి ఎగిరి వచ్చి మన చెవిలో దూరదు. ఆయన ముందున్న గాలి పక్క గాలిని తోస్తుంది, అది ఇంకో గాలిని. మనకి చేరేది అక్కడా ఆకారమే. ఆ లెక్కన ముఫ్తీ షఫీ సాహెబ్ చివరికి చేరిన చోటు సరైనదే అని నా రాయ్. నేను ఆలిమ్‌ని కాను, అఖ్బార్‌నవీస్‌ని. నమాజ్ మసాయిల్ మీ ఇమామ్ సాబ్‌నే అడగండి.

మరి యాంప్లిఫయర్ పెట్టె లోపలే ఎందుకు? పాత పద్ధతిలో యాంప్లిఫయర్ ఒక చోట, అక్కడి నుంచి పొడుగు తీగ, చివర స్పీకర్. నాలుగు ఓముల స్పీకర్‌కి వెళ్లే సన్నని తీగకే రెండు ఓములు ఉంటే, ఇచ్చిన బలంలో మూడో వంతు తీగని వేడిచేయడానికే పోతుంది. పెద్ద కంపెనీలు వంద వోల్టుల లైను పెట్టి, ప్రతి స్పీకర్‌కీ ఒక ట్రాన్స్‌ఫార్మర్ తగిలించి దీన్ని దాటాయి. మామూ లాంటివాళ్లు యాంప్లిఫయర్‌నే స్పీకర్ వెనక కూర్చోబెట్టి దాటారు. పొడుగు తీగలో వెళ్లేది సన్న సిగ్నల్ మాత్రమే.

ఈ పెట్టె వల్ల నిజంగా ఫాయిదా ఎవరికి జరిగిందో చెబుతాను. 1990ల్లో రంజాన్ చలికాలంలో వచ్చేది. మా మస్జిద్‌లో ఆడవాళ్లకి జాగా లేదు. తరావీహ్ తర్వాత బయాన్ ఉండేది. గల్లీకి అవతల ఒక ఇంటి పెద్ద గదిలో మొహల్లా ఆడవాళ్లంతా చేరేవాళ్లు, మా నానీతో సహా. మీనార్ మీద గొట్టం స్పీకరు ఉంది కదా, వినపడదా? వినపడేది. ఊరంతటికీ వినపడేది. కానీ ఒక్క మాట అర్థమయ్యేది కాదు. గొట్టం తక్కువ కరెంటుకి ఎక్కువ మోగుతుంది, దూరం కొడుతుంది, నిజమే. గొంతులో బరువంతా తీసేసి ముక్కు ఆవాజ్ ఒకటే వదులుతుంది. దానికితోడు ఎదురు గోడలకి కొట్టుకుని తిరిగొచ్చే ప్రతిధ్వనులు. 'మౌలానా ఏడుస్తున్నాడో కోప్పడుతున్నాడో మాలూమ్ నై హోతా' అనేది నానీ. మామూ ఒక పెట్టె చేసి ఆ గదిలో పెట్టాడు. మస్జిద్ మిక్సర్ నుంచి షీల్డు వైరు గల్లీ మీదుగా లాగాడు. మొదటి రాత్రి గుమ్మం బయట నిలబడి, పరదా ఇవతల నుంచి అరిచాడు. 'అమ్మీ, ఆవాజ్ ఆరీ క్యా?' నానీ జవాబు, 'హౌ రే, సాంస్ భీ ఆరీ!' మౌలానా మాట మధ్యలో ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతోందట.

పది వాట్ల పెట్టె అది. మీనార్ మీద గొట్టం అంతకు మూడింతలది.

దీని వెనక లెక్క చిన్నది. ఆరుబయట దూరం రెట్టింపైతే ఆవాజ్ ఆరు డెసిబెల్స్ పడిపోతుంది. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది మూడు డెసిబెల్సే. దూరంతో వాట్లు ఎప్పుడూ గెలవవు. వినేవాడి పక్కకి చిన్న పెట్టె తీసుకెళ్లడం సస్తా, సాఫ్ కూడా.

ఈ లెక్క ఇవాళ మనకి కోర్టుల దగ్గరా కావాలి. 2000 ఫిబ్రవరిలో కేంద్రం శబ్ద కాలుష్య నియమాలు తెచ్చింది. ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్ బంద్. అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు, మద్రాసులోని ఒక చర్చి కేసులో, ఇతరుల ప్రశాంతత చెడగొట్టి ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పదని తీర్పిచ్చింది. అవును, ఆ తీర్పు మస్జిద్ మీద కాదు, చర్చి మీద. 2005లో మరో తీర్పు. దాని వెనక ఢిల్లీలో ఒక బాలిక మీద జరిగిన దారుణం ఉంది. ఆమె కేకలు లౌడ్‌స్పీకర్ మోతలో ఎవరికీ వినపడలేదన్న సంగతి కోర్టు ముందుకి వచ్చింది. ఇది చదివాక నాకు గొట్టం తరఫున వకాలత్ చేయాలనిపించలేదు. 2020లో అలహాబాద్ హైకోర్టు, అజాన్ ఇస్లాంలో భాగమే, మైకు మాత్రం భాగం కాదని చెప్పింది. థాన్వీ సాహెబ్ కాలం నాటి ఉలమా ఈ మాట వింటే ఆశ్చర్యపోయేవాళ్లు కాదు.

మా తిరుపతి ప్రాంతంలో ఫజర్ అజాన్ ఏడాది పొడవునా ఆరు గంటల లోపే. గుళ్లలో సుప్రభాతమూ ఆ లోపే. నియమం ఇద్దరికీ ఒకటే, అమలు ఇద్దరి మీదా ఒకేలా ఉండాలని అడగడం మన హక్. కొన్ని రాష్ట్రాల్లో అలా జరగడం లేదన్నది కళ్లెదుట ఉన్న సంగతి, దాని మీద మాట్లాడాల్సిందే. కానీ దానితోపాటు నియమంలో ఉన్న ఇంకో ముక్క కూడా మన కమిటీలు చదవాలి. మూసిన ఆవరణ లోపల, లోపలివాళ్లకి వినిపించడానికి రాత్రిపూట కూడా మైకు వాడుకోవచ్చు. తరావీహ్‌కి, తహజ్జుద్‌కి, ఆడవాళ్ల గదికి కావలసింది అదే కదా. మీనార్ మీద నాలుగు గొట్టాలు నిలబెట్టి లోపల సగం సఫ్‌లకి ఖిరాఅత్ స్పష్టంగా వినపడని మస్జిదులు నేను చాలా చూశాను. చందా అంతా గొట్టాలకే పోతుంది. గొట్టం పక్క మొహల్లాకి కనపడుతుంది, లోపలి పెట్టె కనపడదు. ఇందులో కొంత నఫ్స్ ఉందని నేనంటే కోపం తెచ్చుకోకండి.

కారీగర్ల సంగతి. ఇప్పుడు రెండు వందల రూపాయల లోపే చైనా బోర్డు దొరుకుతోంది. వేడెక్కదు, బరువు లేదు. చక్రాలున్న బ్లూటూత్ పెట్టె పెళ్లికి అద్దెకి కూడా అక్కర్లేదు, కొనేసుకుంటున్నారు. టీడీఏ 2030 అడిగితే నకిలీ బిళ్లలు ఇస్తున్నారు. మామూకి డెబ్భై దాటాయి. చెయ్యి వణుకుతుంది, సాల్డరింగ్ ఐరన్ పట్టుకోనివ్వం. రెండేళ్ల కింద మా కమిటీ గొట్టాలు రెండు దించి, లోపల గోడలకి నాలుగు రెడీమేడ్ పెట్టెలు పెట్టించింది. కుర్రాళ్లు వచ్చి బిగించారు. ఆన్ చేయగానే 'మ్‌మ్‌మ్'. మామూని కుర్చీలో కూర్చోబెట్టి పిలుచుకొచ్చారు. ఆయన పెట్టెల వైపు చూడనేలేదు. వైర్ల చివరలు చూసి, జాలీ రెండు వైపులా కలిపారు, ఒక వైపు కోసెయ్యండి అన్నాడు. కోశారు. మోత ఆగింది.

గల్లీ అవతలి గదిలో పాత పెట్టె అలాగే ఉంది. ఐసీ రెండు సార్లు మారింది, కోన్ ఒకసారి. ట్రాన్స్‌ఫార్మర్ మొదటిదే. ఈ రంజాన్‌కి ఆ గదిలో కూర్చున్నది మా అమ్మీ, మా ఆడపిల్లలు.